అది వాతం కాదు, గాలి కాదు



ఈసారి పత్తి రేటు గురించి రాయడం లేదు. ఎల్లెల్సీ నీళ్ళ గురించి కూడా కాదు. కాలు వాపు గురించి రాస్తున్నా. కాలు వాపుకు ఇంత పెద్ద పోస్టా అని నవ్వేటోళ్ళు నవ్వండి. కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి.

మా చిన్నాయన కొడుకు, నాకంటే పదేండ్లు చిన్నోడు, పోయి ఏడాది దాటింది. వాని దినాల రోజు పందిరి కింద కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన అన్నాడు, "వాతం గుండెకెక్కిందప్పా. రాసిపెట్టి ఉంటే ఎవరాపుతారు" అని. చుట్టూ ఉన్న పదిమంది తల ఊపినారు. నేనూ ఊపినా. ఆ రోజుకు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. తెలిసినాక కూడా నోరు మూసుకొని ఉంటే వాని బిడ్డల ముఖం చూడలేను. అందుకే రాస్తున్నా.

వాతం గుండెకెక్కలేదు. కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డలో ఒక ముక్క తెగి ఊపిరితిత్తులకు పోయి అడ్డం పడింది. దానికి మందు ఉంది. తొమ్మిది రోజుల టైము కూడా ఉండింది. ఆ తొమ్మిది రోజులు మనమంతా కలిసి ఏం చేసినామో చెప్తా, వినండి.

సంక్రాంతి అయినాక మొగుడూ పెళ్ళాం సుగ్గికి పోయినారు. గుంటూరు దిక్కు మిరపకాయలు కోయను. మన ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, పెద్దకడుబూరు దిక్కు ఏ ఊర్లో చూసినా ఆ నెలల్లో ముసలోళ్ళు, తాళాలు తప్ప ఏముంటాయి? ఉగాదికి తిరిగొచ్చినారు. ఒక బొలేరోలో ఇరవై మంది పైన. మూటలు, గిన్నెలు, పిల్లోళ్ళు. రాత్రంతా కాళ్ళు మడిచి కూర్చున్నది కూర్చున్నట్టే. మాటిమాటికీ బండి ఆపమంటే డ్రైవరు గొణుగుతాడని నీళ్ళు కూడా తాగరు మనోళ్ళు.

ఇంటికొచ్చిన రెండోనాటికి వాని ఎడమ పిక్క బిగుసుకుపోయింది. మూడోనాటికి వాచింది. ఒక్క కాలే. చిన్నమ్మ ఆముదం కాచి పిక్క పిసికి పిసికి రుద్దింది. నాలుగోనాడు వావిలాకు కట్టినారు. అయిదోనాడు ఆర్‌ఎంపీ వచ్చి నొప్పికి సూది వేసినాడు, ఒక రోజు సులువైంది. ఇంకొకాయన బోదకాలు అన్నాడు. ఇంకొకామె గాలి సోకింది, తాయెత్తు కట్టించమనింది. కట్టించినారు. తొమ్మిదోనాడు పొద్దున వాకిట్లోకి వచ్చినోడు ఎద పట్టుకొని కూర్చుండిపోయినాడు. ఊపిరి ఆడలేదు. దగ్గితే రక్తం పడింది. 108 వచ్చింది, పక్కన నేనే కూర్చున్నా. కర్నూలులో ఒక ఆస్పత్రిలో చేర్చినాము. అక్కడి డాక్టరు మొదట చూసింది ఎద కాదు, పంచె పైకెత్తి కాలు చూసినాడు. "ఎన్ని రోజులైంది ఈ వాపు?" అని ఒక్క మాట అడిగినాడు. తొమ్మిది రోజులు అన్నా. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ రాత్రే పోయినాడు మావోడు.

ఇంగ్లీషులో ఒక చీటీ ఇచ్చినారు. దేవుని పటం వెనక పెట్టినాము. ఏముందో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, ఎవరమూ అడగలేదు. ఇంటర్ చదివినోణ్ణి, నేను కూడా అడగలేదు.

ఇప్పుడు ఆ జబ్బు ఏమిటో మన భాషలో చెప్తా. డాక్టర్లు దీన్ని డీవీటీ అంటారు. కాలి లోపల, కండల మధ్యలో పోయే పెద్ద రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం. ఎందుకు కడుతుందో జర్మనీ డాక్టరు విర్కోవ్ 1850లలోనే చెప్పినాడు. ఇప్పుడు డాక్టర్లు మూడు కారణాలుగా చెప్తారు. ఒకటి, రక్తం పారకుండా నిలబడిపోవడం. రెండు, రక్తనాళం గోడకు దెబ్బ తగలడం. మూడు, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. ఆయన పుట్టిన రోజు అక్టోబరు 13. ఆ రోజునే ఇప్పుడు ప్రపంచమంతా ఈ జబ్బు దినంగా జరుపుతారు.

మనకు కాలువ తెలుసు. నీళ్ళు జోరుగా పారే చోట పూడిక నిలవదు. నీళ్ళు నిలబడిన చోట, గట్టు దెబ్బతిన్న చోట పూడిక పేరుకుంటుంది. కాలు కూడా అంతే. కాలిలోని రక్తం గుండెకు పోవాలంటే పైకి ఎక్కాలి. ఎక్కించే మోటారు ఏది? పిక్క. నడిచినప్పుడల్లా పిక్క కండ పిండి రక్తాన్ని పైకి తోస్తుంది, మళ్ళీ కిందికి జారకుండా నాళంలో కవాటాలు ఉంటాయి. కాళ్ళు మడిచి గంటల తరబడి కూర్చుంటే మోటారు ఆగినట్టే. పైగా నీళ్ళు తాగకపోతే ఒళ్ళు ఎండి రక్తం ఇంకా చిక్కబడుతుంది. ఇక గడ్డ ముక్క తెగి పోతే ఏమవుతుందో డ్రిప్పు వేసిన రైతులకు చెప్పనక్కరలేదు. చెత్త వచ్చి ఫిల్టరులో పడితే చేను మొత్తం ఎండుతుంది. మనిషికి ఆ ఫిల్టరు ఊపిరితిత్తులు.

కొంతమంది అంటారు, "ఇది ఏసీలో కూర్చునేటోళ్ళకు, విమానాల్లో తిరిగేటోళ్ళకు వచ్చే జబ్బు. మన కష్టజీవులకు రాదు" అని. తప్పు. విమానంలో కనీసం కాళ్ళు చాపుకొనే సందు ఉంటుంది, లేచి దొడ్డికి పోయే దారి ఉంటుంది. సుగ్గి బొలేరోలో ఏముంది? పైగా ఈ జబ్బు ఒక్క ప్రయాణంతోనే రాదు. ఆపరేషన్ అయి మంచం పట్టినోళ్ళకు వస్తుంది. కాలు ఇరిగి సిమెంటు కట్టు వేయించుకున్నోళ్ళకు వస్తుంది. గర్భిణులకు, కాన్పు అయిన ఆరు వారాలలోపు బాలింతలకు వస్తుంది. సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. క్యాన్సర్ ఉన్నోళ్ళకు, కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకు, ఇంతకు ముందు ఒకసారి వచ్చినోళ్ళకు, రక్తసంబంధీకుల్లో వచ్చినోళ్ళకు ముప్పు ఎక్కువ. గర్భసంచి తీసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటని కేంద్రం వాళ్ళ సర్వేలే చెప్తాయి. మరి ఆపరేషన్ అయిన ఆడమనిషికి ఇంటికొచ్చినాక ఒక్క కాలు వాస్తే మనమేమంటాము? "పథ్యం తప్పింది" అంటాము. "చల్లగాలి తగిలింది" అంటాము.

ఇక్కడే నాకు కోపం. ముందు మన మీద, ఆ తర్వాత మిగతావాళ్ళ మీద.

మన ఎద్దు కాలు కుంటితే ఏం చేస్తాము? ఆ పొద్దే పశువుల డాక్టరు ఇంటి ముందర నిలబడతాము. దుక్కి ఆగిపోతుందని. అదే పెళ్ళాం కాలు వాస్తే, "పొద్దుకల్లా తగ్గుతుందిలే" అంటాము. నేను ఎవరినో అనడం లేదు. నన్ను నేనే అనుకుంటాండా. పోయిన పత్తి సీజన్లో మా ఇంటామె గట్టు మీద జారి చీలమండ ఇరిగింది. సిమెంటు కట్టు వేసినారు. మూడు వారాలకు, కట్టు పైభాగాన కాలు బరువుగా ఉంది, తొడ దాకా గుంజుతాంది అని ఒక ఆదివారం చెప్పింది. సోమవారం ఆదోని యార్డుకు పత్తి తీసుకుపోవాలి నేను. "యార్డు పని కానీ, పోదాం" అన్నా. రెండు రోజులు. తమ్ముణ్ణి మోసుకుపోయి సంవత్సరం తిరగకముందే, అదే వాపు నా ఇంట్లో కనబడితే, పత్తి బండి ముందర పెట్టుకున్నా. క్వింటాలుకు నూరు రూపాయలు ఎక్కువ వస్తుందేమో అని. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఉండనీ.

బుధవారం ఒక ఆస్పత్రికి పోయినాము. పేరు రాయను. స్కానింగ్ మిషను ఉంది. కాలి రక్తనాళాలు చూసే డాక్టరు ఆ రోజు లేడు, వారానికి రెండు దినాలే వస్తాడంట. శుక్రవారం రమ్మన్నారు. ఆ చేతికి నొప్పి మాత్రలు ఇచ్చినారు. అక్కడ నుంచి ఇంటికి రావాల్సినోళ్ళమే. మా ఇంటామె తమ్ముడు ఒప్పుకోలేదు, ఇంకొక చోటికి తీసుకుపోయినాడు. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ. ఆమె చేసిన పని చూడండి. వేరే కాలు పిక్కను టేపుతో కొలిచింది, తొడలు రెండూ కొలిచింది, తేడా రాసుకుంది. "మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా వచ్చిందా?" అని అడిగింది. నేను తమ్ముని సంగతి చెప్తే, చీటీ ఏదైనా ఉందా అనింది. మా పిల్లోనికి ఫోన్ చేసి దేవుని పటం వెనక ఉన్న చీటీ ఫోటో తెప్పించినా. ఆమె చదివి నాకు తెలుగులో చెప్పింది. ఆ రోజు తెలిసింది నాకు, మావోడు దేనితో పోయినాడో.

(తమ్ముడు నాకు చిన్నాయన కొడుకు, ఆమెకు రక్తసంబంధం కాదు. ఆ మాట డాక్టరమ్మే చెప్పింది. "ఈమెకు వచ్చింది కట్టు వల్ల. కానీ మీ వంశంలో ఉంది కాబట్టి మీరూ, మీ పిల్లలూ జాగ్రత్త" అని.)

రాత్రి అయింది, స్కాన్ పొద్దున గానీ కాదు. ఆమె స్కాన్ కోసం కాచుకోలేదు. రక్తం పలచబడే సూది అప్పుడే పొట్ట చర్మం కింద వేసేసింది. "అనుమానం గట్టిగా ఉన్నప్పుడు ముందు సూది, తర్వాత స్కాన్" అనింది. పొద్దున స్కాన్‌లో మోకాలి పైన గడ్డ కనబడింది. మా ఇంటామె ఈ రోజు చేనికి పోతాంది. మా తమ్ముని పెళ్ళాం ఈ ఏడు ఒక్కతే సుగ్గికి పోయింది. రెండు ఇండ్ల మధ్య తేడా ఆ ఒక్క సూది, ఆ ఒక్క టేపు. ఇంకేమీ లేదు.

ఆర్‌ఎంపీల మాట. వాళ్ళను తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చేది వాళ్ళే. అప్పు పెట్టేది వాళ్ళే. కానీ అన్నా, ఒక్క మాట. నొప్పి సూదితో నొప్పి తగ్గుతుంది, గడ్డ తగ్గదు. నొప్పి తగ్గిందని మనిషి నాలుగు రోజులు ఇంట్లోనే ఉండిపోతాడు. ఆ నాలుగు రోజులే వాని ప్రాణం. ఒక్క కాలు వాచి వచ్చినోడికి సూది వేయకండి, "నా చేతిలో లేదు, పో" అని పంపండి. ఆ మాట చెప్పిన ఆర్‌ఎంపీకి ఊరంతా దండం పెడుతుంది. అమ్మలకు, అత్తలకు కూడా ఒక మాట. వాచిన పిక్కను రుద్దొద్దు. ప్రేమతోనే రుద్దుతారు, నాకు తెలుసు. కానీ గడ్డ కట్టిన చోట పిసికితే ముక్క తెగే ప్రమాదం ఉంది. చిన్నమ్మకు ఈ సంగతి ఇంతవరకు చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను. మీ ఊర్లో ఇంకొక చిన్నమ్మ అట్లా రుద్దకుండా ఉంటే చాలు.

బోదకాలు అనేటోళ్ళకు: బోదకాలు నెలల మీద, ఏండ్ల మీద ముదిరేది. నిన్న బాగున్న కాలు ఈ పొద్దు ఒక పక్కే వాచి, బిగిసి, వెచ్చగా ఉంటే ముందు గడ్డ అనుకోవాలి. కాదని స్కాన్ చెప్పనీ. ముల్లు గుచ్చి చీము పట్టినా వాస్తుంది, కండ పట్టినా వాస్తుంది. అది మనం, మంత్రగాడు తేల్చేది కాదు.

ఇక వైద్యం. ఇక్కడ మనకు పెద్ద భయం ఉంది. "కాలి నరాల జబ్బు అంటే హైదరాబాదు, బెంగళూరు పోవాలి, లక్షలు కావాలి, అర ఎకరా అమ్మాలి" అని. ఆ భయంతోనే సగం మంది కదలరు. నిజం ఏమిటంటే, వేళకు పట్టుకుంటే చాలామందికి ఈ జబ్బుకు ఆపరేషన్ అక్కరలేదు. రక్తం పలచబడే మందులే అసలు వైద్యం. ఆ మందు గడ్డను కరిగించదు, గడ్డ పెరగకుండా ఆపుతుంది. కరిగించుకునేది మన ఒళ్ళే, మెల్లగా.

ఆ మందు కథ కూడా వినండి, అది రైతు తెచ్చిన మందు. 1920లలో అమెరికా, కెనడాల్లో స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం వేసేవాళ్ళు. వానకు తడిసి బూజు పట్టిన ఆ గడ్డి తిన్న పశువులు, చిన్న గాయం అయినా రక్తం ఆగక చచ్చిపోయేవి. బూజు పట్టిన గడ్డే కారణమని కెనడాలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు కనిపెట్టినాడు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు, చచ్చిన పెయ్యను, పాలక్యానులో గడ్డకట్టని రక్తాన్ని, ఆ గడ్డిని బండిలో వేసుకొని, మంచు తుఫానులో సుమారు 300 కిలోమీటర్లు పోయి యూనివర్సిటీలో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త ముందర పెట్టినాడు. లింక్ మనుషులు ఏండ్ల తరబడి పనిచేసి ఆ గడ్డిలోని పదార్థం బయటికి తీసినారు. దాని నుంచి వచ్చిందే వార్ఫరిన్. 1948లో మొదట ఎలుకల మందుగా అమ్మినారు, తర్వాత మనుషులకు మందైంది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా అదే ఇచ్చినారు. చచ్చిన పెయ్య కోసం ఆ రైతు అంత దూరం పోయినాడు. బతికున్న మనిషి కోసం మనం ఆదోని దాకా పోలేమా?

వార్ఫరిన్ పాత మందు, అగ్గువ. కానీ మాటిమాటికీ రక్తపరీక్ష చేయించాలి, ఆకుకూరలు ఒక రోజు ఎక్కువ ఒక రోజు తక్కువ తింటే లెక్క తప్పుతుంది. ఇప్పుడు కొత్త తరం మాత్రలు వచ్చినాయి. రివరాక్సబాన్, అపిక్సబాన్ అని. వాటికి ఆ మాటిమాటి పరీక్ష అక్కరలేదు. పేటెంట్లు తీరినాక మన దేశపు కంపెనీలు చేస్తాండాయి, ధర బాగా దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఈ రకం మాత్రలను ప్రతి దేశంలో ఉండాల్సిన అత్యవసర మందుల పట్టికలో చేర్చింది. ఏది ఎవరికి అన్నది డాక్టరు చెప్పాలి. కిడ్నీ బాగలేనోళ్ళకు, గర్భిణులకు లెక్క వేరే. గర్భిణులకు సూదులే, ఈ మాత్రలు పనికిరావు.

మందు తక్కువలో తక్కువ మూడు నెలలు వాడాలి. ఇక్కడ మనోళ్ళు చేసే తప్పు మీకు తెలుసు. పది రోజులకు వాపు దిగుతుంది. "తగ్గింది గదా, దుడ్లు దండగ" అని మానేస్తారు. పురుగు మందు ఒక్కసారి కొట్టి ఆపితే గుడ్లు మళ్ళీ పగలవా? ఇదీ అంతే. మధ్యలో మానేస్తే గడ్డ మళ్ళీ వస్తుంది. ఆలస్యం చేసినా, మందు మానేసినా ప్రాణం పోకుండా బయటపడితే పడొచ్చు, కానీ లోపల కవాటాలు చెడిపోతాయి. కాలు ఎప్పుడూ వాపే, చీలమండ దగ్గర చర్మం నల్లబడుతుంది, పుండు పడితే మానదు. ఏండ్ల తరబడి కాలికి గుడ్డ చుట్టుకొని అరుగు మీద కూర్చున్న మనుషులను మీ ఊర్లో చూడలేదా? వాళ్ళలో కొందరిది ఈ కథే అయి ఉండొచ్చు. చేన్లో నిలబడలేని రైతుకు అరెకరా ఉన్నా ఒకటే, పదెకరాలు ఉన్నా ఒకటే.

మందు వాడే రోజుల్లో జాగ్రత్త. కొడవలి గాయం అయినా రక్తం తొందరగా ఆగదు. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు, నాటు పసర్లు మింగొద్దు. దొడ్డికి నల్లగా తారులా వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, తలకు గట్టి దెబ్బ తగిలినా వెంటనే పోవాలి. పన్ను పీకించుకోవాలన్నా ముందు చెప్పాలి.

స్పెషలిస్టు మాట. మన రోడ్ల మీద పెద్ద పెద్ద బోర్డులు చూస్తాండారు గదా, "ఉబ్బిన నరాలకు లేజర్, అదే రోజు ఇంటికి" అని. ఉబ్బిన నరాలు చర్మం కింద మెలికలు తిరిగి కంటికి కనబడేవి. గడ్డ కట్టేది లోపలి నాళంలో, కంటికి కనబడదు. రెండూ ఒకటి కాదు. బోర్డు చూసి పరుగెత్తొద్దు. ఎక్కువమందికి మంచి జనరల్ మెడిసిన్ డాక్టరు, ఒక డాప్లర్ స్కాన్ చాలు. రక్తనాళాల సర్జన్ ఎప్పుడు తప్పనిసరి? కాలు మొత్తం తొడ దాకా వాచి నీలంగా మారి, పగిలిపోతుందా అన్నట్టు ఉంటే, ఆ కాలే పోయే ప్రమాదం. అప్పుడు గంటలు లెక్క. గొట్టం పెట్టి గడ్డను కరిగించడమో, బయటికి లాగడమో చేస్తారు. తలలో, కడుపులో రక్తం కారుతూ పలచబడే మందు ఇవ్వలేని మనిషి అయితే పొట్టలోని పెద్ద నాళంలో చిన్న జల్లెడ లాంటిది పెడతారు. అందరికీ అది అక్కరలేదు. ఎవరైనా పెట్టాలంటే, "పలచబడే మందు ఎందుకు ఇవ్వకూడదు? ఈ జల్లెడ మళ్ళీ ఎప్పుడు తీస్తారు?" అని ఈ రెండు ప్రశ్నలు అడగండి. మందు ఇవ్వడానికి వీలైన రోజు అది తీసేయాలి. మనకు సదువు లేదని నోరు మూసుకొని సంతకం పెట్టొద్దు.

ఇక ప్రభుత్వం. ఏ పార్టీ వాళ్ళు వచ్చినా మన పడమటి మండలాల గురించి ఒకటే పాట. వెనకబడిన ప్రాంతం, కరువు, వలసలు. ఆ పాట విని చెవులు తూట్లు పడినాయి. ఆదోనికి మెడికల్ కాలేజీ అన్నారు. పనులు మొదలైనాయి, ఆగినాయి. 2025లో దాన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని నిర్ణయించినారు. సర్కారు కట్టాలా, ప్రైవేటోళ్ళు కట్టాలా అని టీవీల్లో కొట్లాట. అది కొట్లాడాల్సిందే, పేదోనికి అందులో సీటు, పడక ఉండాలా వద్దా అన్నది చిన్న సంగతి కాదు. కానీ కాలేజీ బిల్డింగు లేచేదాకా మన కాళ్ళు వాయకుండా ఆగుతాయా? ఆదోని నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్ల దారి. ఊపిరి ఆడని మనిషికి ఆ వంద కిలోమీటర్లు ఎంతో నేను పక్కన కూర్చొని చూసినా.

నేను అడిగేది అంత పెద్దవి కావు. నాలుగే.

ఒకటి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆస్పత్రుల్లో రాత్రి పగలు కాలి రక్తనాళం స్కాన్ చూడగలిగే మనిషి ఉండాలి. గర్భిణులకు వాడే మిషన్ల మాదిరిదే ఇదీ, మొన పట్టీ మార్చుకుంటే చాలు. గజ్జల దగ్గర, మోకాలి వెనక మొన పెట్టి నొక్కితే నాళం చదునైందా లేదా చూడటం ముఖ్యమైన పని. చదును కాకపోతే లోపల గడ్డ ఉన్నట్టు. స్పెషలిస్టు కాని డాక్టర్లకు కూడా ఇది నేర్పవచ్చు, చాలా చోట్ల ఎమర్జెన్సీ డాక్టర్లు చేస్తాండారు.

రెండు. మొదటి సూది మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉండాలి. అనుమానం గట్టిగా ఉంటే డాక్టరు అక్కడే వేసి పంపాలి. పాము కాటుకు మందు పెడతాండారు గదా, ఇది కూడా అట్లాంటిదే.

మూడు. మూడు నెలల మాత్రలు ఉచితంగా ఇవ్వాలి. మంచం మీద ఉన్నన్ని రోజులు కార్డు పనిచేసింది మాకు. ఇంటికొచ్చినాక మాత్రలు జేబులో నుంచే. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఇచ్చినట్టే ఇవి కూడా ఇవ్వాలి.

నాలుగు. సుగ్గికి బండ్లు కదిలే ముందర, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఈ మాట చెప్పాలి. కాన్పు అయిన ఇంటికి, గర్భసంచి ఆపరేషన్ అయిన ఇంటికి పోయినప్పుడు బిడ్డ బరువుతో పాటు తల్లి కాళ్ళు రెండూ చూడాలి.

ఇవి ఇచ్చేదాకా మనం చేయగలిగినవి చేద్దాం. దూర ప్రయాణంలో రెండు గంటలకు ఒకసారి బండి ఆపమనండి. మేస్త్రీ గొణిగితే గొణగనీ. దిగి నాలుగడుగులు వేయండి. కూర్చున్న చోటే మడమలు లేపుతూ దించుతూ ఉండండి. నీళ్ళు తాగండి. ఆపరేషన్ అయినోళ్ళను, బాలింతలను డాక్టరు నడవమంటే నడిపించండి, మంచానికి కట్టేయకండి. సిమెంటు కట్టు వేయించుకున్నప్పుడు గడ్డ రాకుండా మందు కావాలా అని అడగండి.

ఒక్క కాలు వాస్తే ఒక దారం తీసుకోండి. మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె నుంచి జానెడు కంటే తక్కువ, సుమారు 10 సెంటీమీటర్ల కింద రెండు పిక్కలూ కొలవండి. తేడా 3 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు రెండు వేళ్ళ మందం దాటితే ఆ పొద్దే బయలుదేరండి. తేడా తక్కువ ఉంది గదా అని ధైర్యం వద్దు, నొప్పి, బిగుతు ఉంటే చూపించాల్సిందే. దాంతో పాటు ఆయాసం, ఎదలో పోటు, దగ్గితే రక్తం, కళ్ళు తిరగడం ఉంటే నేరుగా 108. డాక్టరు దగ్గర "కాలు నొప్పి" అని ఊరుకోవద్దు. "ఒక్క కాలే వాచింది, ఇన్ని రోజులైంది, ఇట్లా ప్రయాణం చేసినా, ఇట్లా ఆపరేషన్ అయింది" అని చెప్పండి. "గడ్డ ఉందేమో చూడండి" అని మీరే అడగండి. అడిగితే తప్పేం లేదు. విత్తనాల అంగట్లో ఎన్ని ప్రశ్నలు అడుగుతాము మనం?

"రాసిపెట్టి ఉంది" అని ఆ రోజు పందిరి కింద అన్నాడు గదా పెద్దాయన. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఇంకొక పందిరి కింద ఆ మాట వినబడితే తల ఊపను. రాసిపెట్టింది ఏదీ లేదప్పా అక్కడ. తొమ్మిది రోజులు ఉండినాయి, మనం వాడుకోలేదు.

ఈ పోస్టు మీ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. సుగ్గికి పోయే మేస్త్రీలకు, మీ ఊరి ఆర్‌ఎంపీకి, ఆశా అక్కకు పంపండి. చదవలేని ముసలోళ్ళకు మీరే చదివి వినిపించండి. ఈ రాత్రి అన్నం తినేటప్పుడు మీ ఇంటి ఆడోళ్ళను ఒక్క మాట అడగండి, "కాళ్ళు బాగుండాయా?" అని. మా ఇంట్లో నేను ఆ మాట అడిగి ఉంటే ఆదివారమే తెలిసేది కాదు, శుక్రవారమే తెలిసేది.